మా సందు వెడల్పు పన్నెండడుగులు

మా నాన్న బుల్లెట్‌ని ఎప్పుడూ ఇంటి ముందు స్టార్ట్ చేసేవాడు కాదు. తెనాలిలో మేమున్న సందులో పదకొండు ఇళ్లు. పాల కేంద్రంలో ఉద్యోగం కాబట్టి ఆయన తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరాలి. గేటు గొళ్లెం చప్పుడు కాకుండా తీసి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండిల్ పట్టుకుని సందు చివరిదాకా తోసుకుంటూ వెళ్లేవాడు. నూట అరవై కిలోల పైచిలుకు బరువు. వానాకాలం బురదలో కూడా అంతే. రోడ్డెక్కాక, మూసి ఉన్న కిళ్లీకొట్టు ముందు స్టాండు వేసి, అప్పుడు కిక్కు కొట్టేవాడు.

మెలకువ వచ్చిన రోజుల్లో నేనూ వెనక సీటు పట్టుకుని తోసేవాణ్ణి. అలా తోసినందుకు, కిక్కు కొట్టడం దగ్గర్నుంచి చూడనిచ్చేవాడు. తాళం తిప్పగానే హెడ్‌లైట్ పైనున్న ఆంపియర్ మీటర్‌లో ముల్లు ఒక పక్కకి వాలేది. నాన్న కిక్కర్‌ని కాలితో మెల్లగా నొక్కుకుంటూ పోతే ఒకచోట ముల్లు మధ్యకొచ్చి నిలబడేది. పిస్టన్ పైకొచ్చిందని గుర్తు. ఎడమచేతి దగ్గరున్న, సిలిండర్‌లో ఒత్తిడిని వదిలేసే డీకంప్రెషన్ లివర్ నొక్కి, కిక్కర్‌ని ఇంకాస్త కిందికి దించి, లివర్ వదిలేసి, కిక్కర్ పైకొచ్చాక ఒంటి బరువంతా వేసి ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఈ వరస తప్పితే కిక్కర్ వెనక్కి తన్నేది, పిక్క వాచిపోయేది. సరిగ్గా పడితే మాత్రం దుగ్గు దుగ్గుమంటూ బండి ఊపిరి పోసుకునేది. ఆ చీకట్లో, ఆ మంచులో ఆ సౌండు వింటూ నిలబడ్డం నా చిన్నతనంలో నాకున్న పెద్ద సంతోషాల్లో ఒకటి.

"ఇంత దూరం తోయడం ఎందుకు నాన్నా?" అని ఒకసారి అడిగాను.

"ఆరో ఇంట్లో బాలింత ఉందిరా" అన్నాడు.

ఆ బాలింత కొడుకు బడికెళ్లే వయసొచ్చాక కూడా నాన్న బండి తోస్తూనే ఉన్నాడు.

ఇది ముందు చెప్పడానికి కారణముంది. బండి సౌండు గురించి రాసేవాళ్లు మామూలుగా బండంటే గిట్టనివాళ్లయి ఉంటారు. నేను అలా కాదు. ఇరవై ఏళ్లకు పైగా బుల్లెట్ నడుపుతున్నాను. ఆదివారం పొద్దున్నే నూనె చేతులతో కూర్చోకపోతే నాకు వారం మొదలైనట్టుండదు. కాబట్టి సైలెన్సర్ మార్చిన కుర్రాళ్లని చూసి "పోకిరీలు" అనేసి ఊరుకోలేను. వాళ్లకి నచ్చిందే నాకూ నచ్చింది. అందుకే వాళ్లతో వాదించే హక్కు నాకుందనుకుంటాను.

అసలు ఆ సౌండులో ఏముంది? పాత కాస్ట్ ఐరన్ ఇంజిన్‌లో సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణం 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. లోపల బరువైన ఫ్లైవీల్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మండుతుంది. ఐడిల్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, నిమిషానికి 900 చుట్లు తిరిగితే 450 మంటలు, అంటే సెకనుకి ఏడున్నర. అంత నెమ్మదైన దెబ్బల్ని మన చెవి విడివిడిగా లెక్కపెట్టుకోగలదు. అందుకే అది మోతలా కాక దరువులా వినిపిస్తుంది. అదే బండి వేగం అందుకుంటే దెబ్బలన్నీ కలిసిపోయి ఒకే మోతవుతాయి. బుల్లెట్ అందమంతా నెమ్మదిలో ఉంది. పది వీధులకి వినబడాల్సిన అవసరం దానికి లేదు. మీటరు దూరంలో నిలబడ్డ మనిషి గుండెలో తగిలితే చాలు.

ఇప్పుడు సైలెన్సర్ గురించి. విజయవాడలో నేను బండి చేయించే షెడ్డులో ఒకప్పుడు తుప్పుపట్టి పాడైన కంపెనీ సైలెన్సర్‌ని మేస్త్రీ కట్టర్‌తో నిలువునా చీల్చి పెట్టాడు, కొత్తగా చేరిన కుర్రాళ్లకి చూపించడానికి. బయటికి ఒక్క గొట్టంలా కనబడేది లోపల మూడు గదులు. గదికీ గదికీ మధ్య అడ్డంగా రేకు బిళ్లలు. వాటి గుండా చిల్లులు పొడిచిన సన్న గొట్టాలు, ఒకటి ముందుకి, ఇంకోటి వెనక్కి. పొగ నేరుగా పోవడానికి దారే లేదు. ముందు గదిలోకొచ్చి, వెనక్కి తిరిగి, చిల్లుల్లోంచి పక్కకి చిమ్మి, మళ్లీ ముందుకెళ్లి, అప్పుడు బయటపడాలి.

ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోగానే సిలిండర్‌లో ఇంకా ఎంతో ఒత్తిడితో ఉన్న వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. మనం వినే దెబ్బ అదే. ఆ దెబ్బని ఈ గదులు విడగొడతాయి. ఒక అల గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి తర్వాత వచ్చే అలని కొంత రద్దు చేస్తుంది. చిల్లులు పదునైన మోతని అరగదీస్తాయి. బయటికొచ్చేసరికి దరువు మిగులుతుంది, గోల తగ్గుతుంది. ఆ చీల్చిన ముక్కని నేను చాలాసేపు చేత్తో పట్టుకుని చూశాను. వెల్డింగు గీతలు, మసి పేరుకున్న చిల్లులు. ఎవరో ఇంజనీరు ఏ గది ఎన్ని అంగుళాలుండాలో లెక్కవేసి, విని, మార్చి, మళ్లీ విని చేసిన పని అది.

మన షెడ్లలో దానికి చేసే వైద్యం ఏంటో అందరికీ తెలుసు. వెనక నుంచి ఇనప కడ్డీ దూర్చి సుత్తితో కొట్టి లోపలి జాలీ ఊడబీకడం. లేదంటే మొత్తం తీసేసి షార్ట్ బాటిలో, ఇండోరీయో, గోల్డ్‌స్టారో అనే బజారు సైలెన్సర్ బిగించడం. చాలావాటిలో గదులుండవు. చిల్లుల గొట్టం, దాని చుట్టూ కాస్త గ్లాస్ ఊల్, అంటే గాజు పీచు. ఆ ఊల్ కూడా కొన్నాళ్లకి మాడి ఎగిరిపోతుంది. తర్వాత మిగిలేది రేకు డొల్ల.

"పికప్ పెరుగుతుందన్నా" అంటారు. ఈ మాట కార్బ్యురేటర్ రోజుల నుంచీ వింటున్నాను. రేసు బండికి ఇంజిన్ మొత్తాన్నీ దానికి తగ్గట్టు మార్చి, కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచే జెట్లు మార్చి, గొట్టం పొడవు లెక్కగట్టి పెడితే పెరుగుతుంది, నిజమే. కంపెనీ బండికి గొట్టం ఒక్కటే మారిస్తే పెరిగేది సౌండు. సౌండు పెరిగితే వేగం పెరిగినట్టు చెవి చెప్తుంది. టూ స్ట్రోక్ బళ్ల విషయంలోనైతే ఇది మరీ అన్యాయం. 1985 నుంచి 1996 దాకా వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 గొట్టానికి మధ్యలో లావుపాటి పొట్ట ఊరికే పెట్టింది కాదు. అక్కణ్ణుంచి వెనక్కి తిరిగొచ్చే అల, బయటికి జారిపోతున్న తాజా పెట్రోలు మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. ఆ గొట్టంతో ఆడుకున్న ప్రతివాడూ ఆ బండి బలంలో కొంత పారేసుకున్నాడు.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్య హద్దుల్లో ఆరో దశ) బళ్లలో ఇంకో సంగతుంది. పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ గొట్టం వరసలోనే ఎక్కడో ఒకచోట ఉంటుంది. దాన్ని కూడా పీకి పారేస్తే సౌండుతో పాటు విషం కూడా వీధిలోకి వదులుతున్నట్టే. ఇక బండి పరుగులో ఉండగా తాళం ఆఫ్ చేసి ఆన్ చేసి టపాసులు పేల్చే విద్య. ఆ క్షణంలో మండకుండా వెళ్లిన పెట్రోలు వేడి గొట్టంలో పేలుతుంది. అది విని భయపడేది దారినపోయే ముసలమ్మ, పాడయ్యేది వాడి వాల్వులు, వాడి కన్వర్టరు.

నాకు వీటన్నిటికన్నా పెద్దదిగా తోచే నష్టం వేరే ఉంది. తెరిచిన గొట్టం పెట్టుకున్నవాడు తన ఇంజిన్‌ని వినలేడు. టాపెట్లు ఎప్పుడు టిక్కుటిక్కుమంటున్నాయో, చైను ఎప్పుడు వదులై కొట్టుకుంటోందో, కనెక్టింగ్ రాడ్డు బేరింగు ఎప్పుడు లోపల టకటకమనడం మొదలెట్టిందో వాడికి తెలియదు. మా మేస్త్రీ స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని జబ్బు చెప్పేవాడు. పెద్ద గొట్టం బండి వస్తే ముందు దాని వెనక తడిగుడ్డ అడ్డం పెట్టి పట్టుకోమని కుర్రాణ్ణి పురమాయించేవాడు.

ఇక నిజంగా తూకం వేసి చూడాల్సిన వాదన ప్రాణం గురించింది. "లారీవాడికి మనం కనబడం, కనీసం వినబడితే బతుకుతాం" అంటారు. హైవే మీద లారీ పక్కన బండి నడిపిన ఎవరైనా ఆ భయాన్ని కొట్టిపారెయ్యలేరు. నేనూ కొట్టిపారెయ్యను. కానీ గొట్టం మూతి ఎటు చూస్తోందో ఒకసారి చూడండి. వెనక్కి. సౌండులో ఎక్కువ భాగం మనం దాటి వచ్చేసిన వాళ్లకి చేరుతుంది. మనల్ని గుద్దేవాడు ఎక్కువగా ముందు నుంచి వస్తాడు, లేదా ముందు పక్కరోడ్డు నుంచి అడ్డం తిరుగుతాడు. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్‌లో 900 బైకు ప్రమాదాలని జరిగిన చోటికే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. అందులో నాలుగింట మూడొంతులకి పైగా ప్రమాదాల్లో ముప్పు వచ్చింది ఎదుటి నుంచే, నేరుగా చూసే దిక్కుకి అటూ ఇటూ 45 డిగ్రీల లోపల. అటువైపు చూసేది మన హెడ్‌లైటు. మన దేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకి హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండేలా పెట్టింది కూడా ఎదుటివాడికి కనబడటానికే.

లారీ క్యాబిన్‌లో కూర్చుని చూడండి. నేను ఒకసారి ఏలూరు నుంచి విజయవాడ దాకా అలా వచ్చాను. సొంత ఇంజిన్ మోత, తెరిచిన కిటికీలో గాలి, పాటలు. పక్కన వెళ్లే బండి గొట్టం వినబడేసరికి అది అప్పటికే ముందుకి దాటిపోయింది. డ్రైవరు చెప్పిన మాట: "అద్దంలో నా మొహం మీకు కనబడితేనే మీరు నాకు కనబడతారండీ." గొట్టం ధర పెట్టి కొనే భద్రత కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనికొచ్చింది నాకు.

సరే, ఎంత సౌండు ఉండొచ్చు? చట్టంలో దీనికి అంకె ఉంది. కొత్త బండి ఫ్యాక్టరీలోంచి బయటికి రావాలంటే 80 సీసీ లోపు వాటికి 75 డెసిబెల్స్, 80 నుంచి 175 సీసీ దాకా 77, ఆ పైన 80. కొలిచే పద్ధతి ఇది: బండి వెళ్లే గీతకి ఏడున్నర మీటర్ల దూరంలో, 1.2 మీటర్ల ఎత్తులో మైకు పెడతారు. మైకుకి పది మీటర్ల ముందు నుంచి పది మీటర్ల అవతలి దాకా ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పి నడుపుతారు. అంత గట్టిగా తిప్పినా ఆ అంకె దాటకూడదు.

డెసిబెల్ లెక్క కూరగాయల తూకం లాంటిది కాదు. 80కి 90కి తేడా పదే కదా అనిపిస్తుంది. ఆ పదిలో శబ్ద శక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపు వినబడుతుంది. దూరం సగానికి తగ్గితే ఆరు డెసిబెల్స్ పెరుగుతాయి. ఇప్పుడు ఆ ఏడున్నర మీటర్లని పట్టుకుని మా సందులోకి రండి. విజయవాడ వన్‌టౌన్‌లో ఇప్పుడు మేముండే సందు వెడల్పు పన్నెండడుగులు. టేపు పెట్టి కొలిచాను. మధ్యలో బండి వెళ్తే అటు గోడకీ ఇటు గోడకీ ఆరేసి అడుగులు, రెండు మీటర్లు కూడా లేదు. ఏడున్నర మీటర్ల దగ్గర 80 ఉన్న సౌండు అంత దగ్గర్లో 92 అవుతుంది, గోడలు తిప్పి కొట్టే మోత కలపకుండానే. మా వీధి గదుల్లో మంచాలు కిటికీ పక్కనే ఉంటాయి. ఇంకెక్కడా పట్టవు మరి.

అంటే చట్టం అంకె విశాలమైన మైదానంలో పుట్టింది. మన బతుకు సందుల్లో ఉంది. కంపెనీ సైలెన్సర్ ఉన్న బండితో కూడా, సందులో ఎక్స్‌లేటర్ పూర్తిగా తిప్పితే పడుకున్న మనిషి ఉలిక్కిపడి లేస్తాడు. అదే బండి రెండో గేరులో, చెయ్యి ఆనీ ఆనకుండా వెళ్తే పక్కింటి ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది. నేను చివరికి తేల్చుకున్నది ఇదే. కంపెనీ గొట్టం హద్దు చెప్తుంది. ఆ హద్దు లోపల ఎంత అన్నది కుడిచెయ్యి చెప్తుంది. సైలెన్సర్‌లో నాలుగో గది మన మణికట్టు.

శబ్ద కాలుష్య నియమాలు 2000 సంవత్సరంలో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్ల దాకా పగలు 50, రాత్రి 40. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు. ఆ 45 ఎక్కడ, మా సందులో మోగే మోత ఎక్కడ? అయినా నన్ను మార్చింది ఈ అంకెలు కాదు. అప్పటికి నాకు ఇవేవీ తెలియవు.

విజయవాడ వచ్చిన కొత్తలో, ఇరవై మూడేళ్లప్పుడు, సెకండ్ హ్యాండ్ బుల్లెట్ కొన్నాను. నెల తిరక్కుండా షార్ట్ బాటిల్ బిగించాను. నాన్న కొడుకునై ఉండి కూడా. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి భోజనానికి ఇంటికొచ్చి, రెండున్నరకి మళ్లీ వెళ్లేవాణ్ణి. పట్టపగలే కదా, ఎవరికి ఇబ్బంది? ఎదురింట్లో ఒకావిడ ఉండేది, నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు నేను బండి స్టాండు వేస్తుంటే గుమ్మంలోకొచ్చింది. తిడుతుందనుకున్నాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతులో కోపం లేదు.

"తమ్ముడూ, రోజూ నువ్వు ఎన్నింటికొచ్చి ఎన్నింటికి వెళ్తావో చెప్పు. నువ్వు వెళ్లాకే పడుకుంటాను" అంది.

ఆవిడకి నైట్ డ్యూటీలు. చట్టం రాత్రి అని రాసిన ఎనిమిది గంటలూ వార్డులో నిలబడి ఉంటుంది. ఆవిడ రాత్రి పొద్దున పదికి మొదలవుతుంది. దాన్ని నేను మధ్యలో రెండుసార్లు విరగ్గొడుతున్నాను. నా భోజనం టైముకి తన నిద్రని సర్దుకుంటానని అడగడానికొచ్చింది, నన్ను మానమని కూడా కాదు. ఏం చెప్పాలో తోచక "సారీ అక్కా" అన్నాను. ఆ సాయంత్రమే షెడ్డుకెళ్లి పాత సైలెన్సర్ పెట్టించాను. ఆ రాత్రి చాలాసేపు నాన్న బండి తోసుకెళ్లడమే కళ్లముందు ఆడింది. ఆరో ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. ఈసారి నాకు ఆ ఇల్లు కనబడలేదు, అంతే తేడా.

ప్యారిస్‌లో శబ్దాన్ని కొలిచే బ్రూయిట్‌పారిఫ్ అనే సంస్థ ఒక లెక్క కట్టింది: సైలెన్సర్ లేని ఒక్క స్కూటరు రాత్రిపూట నగరం ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్తే పది వేల మంది దాకా నిద్ర లేవొచ్చని. మన ఊళ్లలో ఎవరైనా అలాంటి లెక్క కడితే బావుండు. ఇక్కడ కిటికీలకి అద్దాలుండవు, ఉన్నా ఎండాకాలం మూయలేం. నిద్రలేవకపోయినా నిద్రలోనే గుండె వేగం పెరుగుతుంది, ఒత్తిడి హార్మోన్లు ఎగుస్తాయి. పొద్దున్న ఆ మనిషికి ఎందుకు నలతగా ఉందో తెలియదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియదు.

2005 జులై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. ప్రశాంతంగా బతకడం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని, మాట్లాడే స్వేచ్ఛ ఉందని చెప్పి ఆ మాటని మైకులో పెంచి వినడం ఇష్టంలేని వాళ్ల మీద రుద్దే హక్కు ఎవరికీ లేదని అందులో ఉంది. మాటకే లేని హక్కు గొట్టానికి ఎలా వస్తుంది? "నా బండి, నా ఇష్టం" అనేవాళ్లకి నా జవాబు ఇంతే: బండి నీది. మోత మాత్రం నీ దగ్గర ఆగడం లేదు.

పోలీసులు ఏం చెయ్యాలి అన్న దగ్గర నాకు కొంత పేచీ ఉంది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చాలా గట్టిగా తయారైంది: శబ్దం హద్దు మీరితే మొదటిసారికే పది వేల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకి అనర్హత. కాగితం మీద లోటేమీ లేదు. కానీ ఏడాదికి ఒకసారి సైలెన్సర్లన్నీ రోడ్డు మీద వరసగా పేర్చి రోడ్డు రోలర్‌తో తొక్కించి ఫొటోలు తీయిస్తారు. అలా తొక్కించిన మర్నాడు కూడా ఆ గొట్టాలు అమ్మే కొట్టు తెరిచే ఉంటుంది. కొన్న పంతొమ్మిదేళ్ల కుర్రాడు చలానా కడతాడు. అమ్మినవాడి గల్లాపెట్టె నిండుతూనే ఉంటుంది. నేను రెండు మూడు కొట్లలో అడిగి చూశాను, "పోలీసులు పట్టుకోరా?" అని. "డీబీ కిల్లర్ ఇస్తాం సార్, చెకింగ్ ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు" అని ధీమాగా చెప్పారు. మూతిలో దూర్చి మోత తగ్గించే చిన్న గొట్టం అది.

ఇంకో సమస్య కొలత. రోడ్డు మీద ఆపిన అధికారి చెవితో తీర్పిస్తాడు. కంపెనీ గొట్టమే ఉన్న పాత బుల్లెట్‌ని ఆపి చలానా రాసిన సందర్భం నాకే ఎదురైంది. ఆయన చెవి ఆరోజు అలా చెప్పింది మరి. దీనికి పనిముట్లున్నాయి. ఆగిన బండికి గొట్టం మూతి నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మీటరు పెట్టి, ఇంజిన్‌ని చెప్పిన వేగంలో తిప్పి కొలిచే పద్ధతి ప్రపంచమంతా వాడుతోంది. యూరప్‌లో ఆ అంకె బండి కాగితాల్లోనే రాసి ఉంటుంది. ఆస్ట్రియాలోని టిరోల్ పర్వత ప్రాంతంలో 2020 జూన్ నుంచి, కాగితం మీద 95 డెసిబెల్స్ దాటిన బళ్లని వేసవి నెలల్లో కొన్ని రోడ్ల మీదికి రానివ్వడం లేదు. అక్కడ గొడవంతా ఆ ఒక్క అంకెతో తేలిపోతుంది. ప్యారిస్‌లో 2022లో స్తంభాలకి మైకులు, కెమెరాలు కలిపి బిగించి పరీక్షించారు. మనకి అంత అక్కర్లేదు. ఒక్కో ట్రాఫిక్ స్టేషన్‌కి ఒక మంచి సౌండ్ మీటరు, దాన్ని వాడడం వచ్చిన ఇద్దరు మనుషులు, గొట్టాలు అమ్మే కొట్ల మీద నిఘా. ఈ మూడూ ఉంటే రోడ్డు రోలర్ పని రోడ్డు వేయడానికే వాడుకోవచ్చు.

కుర్రాళ్లని అనేముందు పెద్దవాళ్లని కూడా అనాలి. ఎన్నికల ర్యాలీలో ఏ పార్టీ బైకులు సైలెన్సర్లు ఊడదీసుకుని రాలేదు? సినిమా విడుదల రోజు, డిసెంబరు 31 రాత్రి, ఊరేగింపుల్లో? అప్పుడు ముందు జీపులో నిలబడి చేతులూపేది నలభైలు యాభైలు దాటినవాళ్లే. ఆ మోతకి చప్పట్లు కొట్టి, మర్నాడు అదే కుర్రాడు ఒంటరిగా అదే మోత చేస్తే పట్టుకోవడంలో న్యాయం లేదు. వాడికి మనమే నేర్పాం, పెద్ద చప్పుడు చేసేవాడు పెద్ద మనిషని.

ఒక మాట అటువైపు నుంచి కూడా. బండి బొత్తిగా చప్పుడు లేకుండా ఉండాలని నేననను. మా సందులో చూపు ఆనని ఒక తాతగారున్నారు. ఎలక్ట్రిక్ స్కూటరు ఎప్పుడు వెనక్కొచ్చిందో తెలియక రెండుసార్లు తూలారు. చిన్నపిల్లలు ఆడుకునే చోట బండి వస్తోందని చెవికి తెలియాలి. కాబట్టి అంకెకి కింది హద్దు కూడా ఉండాలి. పది పదిహేను అడుగుల ముందున్న నడిచే మనిషికి తెలియాలి, కిటికీ అవతల పడుకున్న మనిషికి తెలియకూడదు. ఈ రెంటి మధ్యా ఉన్న జాగా చిన్నదే. నెమ్మదిగా నడిపే కంపెనీ బండి సరిగ్గా అందులో పడుతుంది. బుల్లెట్ దరువుకి కూడా అక్కడ చోటుంది. నేను రోజూ రాత్రి ఇంటికొస్తాను కదా, నాకు తెలుసు.

గొట్టం మార్చిన తమ్ముళ్లకి చెప్పాల్సింది ఒకటుంది. మీ పాత సైలెన్సర్ ఎవరూ పారెయ్యలేదు. బండి అమ్మేటప్పుడు అవసరమవుతుందని గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టుంటారు. నాదీ అలాగే ఉండేది. దాన్ని దించండి. ముందు ఒకసారి ఊపి చూడండి, లోపల గలగలమంటే తుప్పు పట్టినట్టు, మార్చాల్సిందే. బాగుంటే మూతి దగ్గర మసి బ్రష్షుతో గీకెయ్యండి. బెండు పైపు దగ్గర గాస్కెట్ కొత్తది వెయ్యండి, తక్కువ డబ్బుకే వస్తుంది, పాతది మళ్లీ వాడితే పొగ చిమ్ముతుంది. ఇంజిన్ చల్లారాకే ముట్టుకోండి. బోల్టులన్నీ ముందు చేత్తో బిగించి, గొట్టం తిన్నగా కూర్చుందో లేదో చూసి, అప్పుడు స్పానర్ వెయ్యండి. పది కిలోమీటర్లు తిరిగొచ్చాక మళ్లీ ఒకసారి బిగించాలి, వేడికి వదులవుతాయి. మొత్తం అరగంట పని. రాత్రి సందులోకి తిరిగేటప్పుడు గేరు దించి, చెయ్యి సడలించి రండి.